కృష్ణమ్మ పోసిన నేల

గుడివాడ నుంచి బందరు మీదుగా దివిసీమ చివరిదాకా ఎంత తిరిగినా కొండ కనిపించదు. కొండ మాట దేవుడెరుగు, దుక్కి దున్నేటప్పుడు నాగలికి గులకరాయి తగలడం కూడా అరుదే. ఇంటి పునాదికి రాయి కావాలన్నా, రోడ్డుకి కంకర కావాలన్నా బెజవాడ అవతల కంచికచర్ల, పరిటాల వైపు నుంచి లారీల్లో రావలసిందే. మహాబలేశ్వరం దగ్గర పుట్టి దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచొచ్చే కృష్ణ, దారి పొడవునా దక్కను నల్లరాతిని అరగదీసి, ఆ పొడినంతా ఇక్కడిదాకా మోసుకొచ్చి పోసింది. మనం నడిచే ఈ నేలంతా ఆ పోతే.

ప్రకృతి వింతలంటే జనం జలపాతాల కోసం, గుహల కోసం పరుగులు తీస్తారు. బెజవాడ దాటి తూర్పుకి రమ్మంటే 'అక్కడేముందండీ, వరిచేలూ రొయ్యల చెరువులూ తప్ప' అంటారు. ఉన్నది బురద. నా మటుకు నాకు ఆ బురదను మించిన వింత ఈ రాష్ట్రంలో లేదు. ఊళ్లను పుట్టించిందీ అదే, రేవులను పూడ్చిందీ అదే, పడమటి దేశాల మోజు తీర్చిన ఎర్రరంగుకు ఆసరా అయిందీ ఆ పక్కనున్న ఇసుకే.

సుమారు ఆరు వేల ఏళ్ల కిందట, పెరుగుతూ వచ్చిన సముద్ర మట్టం కుదుటపడింది. అప్పటినుంచి నది సముద్రాన్ని వెనక్కి నెడుతూ వచ్చింది. వరద వచ్చినప్పుడల్లా ఒండ్రు పరిచింది, అలలు ఆ ఒండ్రులోని ఇసుకను ఏరి ఒడ్డున గట్టుగా పోశాయి. మరికొంత కాలానికి ఆ గట్టు ముందు ఇంకో గట్టు లేచింది. ఉపగ్రహ చిత్రంలో చూస్తే డెల్టా దిగువన ఈ పాత తీరాలన్నీ వరస వరసలుగా, వంపులు తిరిగి కనిపిస్తాయి. నేల మీద నిలబడి చూస్తే మాత్రం చేల మధ్య కాస్త మెరకగా ఉన్న ఇసుక దిబ్బ, దాని మీద తాటిచెట్లు, ఒక పల్లె, అంతే. పల్లెలు ఆ దిబ్బల మీదే ఎందుకు వెలిశాయో అక్కడి బావిలో నీళ్లు తాగితే తెలుస్తుంది. చుట్టూ ఉప్పు నీరే అయినా, ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటి మీద తేలి తియ్యగా నిలుస్తుంది. మోతాదు మించి తోడితే కిందనున్న ఉప్పు పైకొస్తుంది. ఆ లెక్క పాతకాలపు వాళ్లకు తెలుసు, మోటారు పంపులకు తెలియదు.

గుడివాడ ఈ నేలలో పెద్దన్న. ఊళ్లో పాత దిబ్బలు తవ్వితే బౌద్ధ స్తూపం ఆనవాళ్లు దొరికాయి, జైన గుడిలో పార్శ్వనాథుడు ఇప్పటికీ పూజలందుకుంటున్నాడు. చుట్టుపక్కల పల్లెల్లో సినిమా వాళ్ల పుట్టిళ్లు చూడాలనుకునేవాళ్లకి నిమ్మకూరు, రామాపురం, చౌటపల్లి ఉన్నాయి. ఎన్టీఆర్, అక్కినేని, ఘంటసాల పుట్టిన ఊళ్లవి. ఇంత చిన్న మాగాణి ముక్కలో ముగ్గురు పుట్టడానికి కూడా ఒండ్రే కారణమంటే గుడివాడ వాళ్లు కాదనరు.

ఇక్కణ్నుంచి కైకలూరు వైపు వెళితే కొల్లేరు తగులుతుంది. కృష్ణ తన డెల్టాను, గోదావరి తన డెల్టాను చెరోవైపు సముద్రంలోకి పెంచుకుంటూ పోతే, మధ్యలో పూడకుండా మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. రెండు నదులూ పట్టించుకోని ఆ గుంటలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దిగుతాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. కైకలూరు పక్కన ఆటపాకలో చెట్ల మీదా, కట్టిన మంచెల మీదా గూడబాతులు గూళ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. 2002లో కొల్లేరును రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత గట్లు మళ్లీ ఎలా లేచాయో అక్కడివాళ్లను అడిగితే నవ్వి ఊరుకుంటారు.

నేల పెరగడం అంటే ఏమిటో కళ్లారా చూడాలంటే మాత్రం ఘంటసాల వెళ్లాలి. గాయకుడు ఘంటసాలకు ఇంటిపేరైన ఊరే ఇది. బందరుకి పడమరగా, వరిచేల నడుమ ఉన్న ఈ ఊరికి ఇప్పుడు సముద్రపు గాలి కూడా సరిగా అందదు. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన భూగోళంలో మైసోలియా తీరాన ఉన్న కంటకస్సుల అనే వర్తక పట్టణం ఇదేనని చరిత్రకారుల నిర్ణయం. ఇక్కడ దొరికిన ఒక ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. ఓడలు నడిపినవాడి పేరు, పడవ కూడా రాని ఊళ్లో! 1892 ప్రాంతంలో పురావస్తువేత్త అలెగ్జాండర్ రీ తవ్వించిన స్తూపాన్ని ఇటుకలతో కట్టారు, దాని శిల్పాలకు సున్నపురాయి ఎగువనుంచి వచ్చింది. ఆ శిల్పాల్లో కొన్ని ఇప్పుడు పారిస్‌లోని గీమే మ్యూజియంలో ఉన్నాయి, మిగిలినవి ఊళ్లోని మ్యూజియంలో చూడొచ్చు. శివకుడి ఓడ ఆగిన నీరు ఎక్కడుండేదని ఊరి పెద్దాయన్ను అడిగితే ఊడ్పులు పూర్తయిన చేలవైపు చెయ్యి చూపించి, "అదుగోనండి, ఆ పల్లమంతా అదే అంటారు. మా చిన్నప్పుడు దుక్కిలో గవ్వలొచ్చేయి" అన్నాడు.

ఘంటసాల రేవు పూడిపోతే సముద్రానికి దగ్గరగా ఇంకో రేవు లేచింది. అదే బందరు. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో బంగాళాఖాతం మీద ఇంతకంటే పేరున్న రేవు లేదు. పర్షియా నుంచి, బర్మా నుంచి, జావా నుంచి ఓడలొచ్చేవి. 1606 నాటికి డచ్చివాళ్లు ఇక్కడ కోఠీ పెట్టారు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు దిగారు. 1652లో ఇక్కడ ఓడ దిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఊరినిండా చెక్క ఇళ్లే చూశాడు. ఓడలు నిలపడానికి మాత్రం ఈ అఖాతంలో ఇంతకంటే మంచి చోటు లేదని మెచ్చుకున్నాడు. చెక్క ఇళ్లలో వింతేముంది, రాయి ఉంటే కదా కట్టడానికి! అందుకే డచ్చివాళ్ల సమాధుల తోటలోకి వెళ్లినప్పుడు ముందు ఆశ్చర్యం కలిగించేవి ఆ పేర్లూ తేదీలూ కావు. మనిషికంటే పొడవైన రాతి పలకలు, వాటి మీద లోతుగా చెక్కిన వంశ చిహ్నాలు, అక్షరాలు. చచ్చినవాళ్ల కోసం అంత రాయిని ఎక్కడినుంచో తెప్పించుకున్నారు.

వాళ్లంతా వచ్చింది బట్ట కోసం. ఆ బట్టలో అందరూ కోరింది ఎరుపు. ఎన్నిసార్లు ఉతికినా వెలవకుండా, ఉతికిన కొద్దీ తేటపడే ఎరుపు అప్పట్లో యూరపులో లేదు. అది చిరివేరు నుంచి వచ్చేది. తీరం వెంట ఇసుక నేలల్లో, నేలకంటుకుని పెరిగే చిన్న మొక్క. అందం ఆకులోనూ లేదు, పువ్వులోనూ లేదు, నారలాంటి సన్నటి వేరులో ఉంది. గవ్వలూ చిప్పలూ అరిగి కలిసిన ఇసుకలో సున్నం పాలు ఎక్కువ, ఆ సున్నం తగిలిన వేరుకి ఎరుపు చిక్కగా పట్టేది. నిజాంపట్నం వైపు దీవుల్లో పండిన చిరివేరుకి బందరు బజారులో గిరాకీ అందుకే. రాజుల ఖజానాలు నింపిన వ్యాపారమంతా ఆ చెత్తమొక్క వేరు మీద నడిచింది.

బందరుకి పది కిలోమీటర్ల లోపే ఉన్న పెడనలో ఆ పని ఇప్పటికీ చూడొచ్చు. బట్టను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. టేకు అచ్చులతో పటిక, నలుపు అద్దుతారు. పటిక అద్దిన చోట మొదట ఎరుపు ఛాయ కూడా ఉండదు. పారే కాలవలో ఉతికి, రాగి కాగుల్లో రంగు వేసి ఉడికిస్తే, పటిక ఉన్నచోటల్లా ఎరుపు విచ్చుకుంటుంది, లేని చోట బట్ట తెల్లగా మిగులుతుంది. ఇప్పుడు వేరు బదులు ఎక్కువగా అలిజరిన్ పొడి వాడుతున్నారు. పారే నీటికి మాత్రం మారు దొరకలేదు. కాలవకి నీళ్లు కట్టేసిన నెలల్లో అద్దకం వాళ్ల ముఖాలు చూస్తే పని ఎంతవరకు వచ్చిందో అడగక్కర్లేదు.

బందరు కోటను కాపాడింది కూడా బురదే, ఓడించింది కూడా బురదే. 1750లో ఫ్రెంచివాళ్ల చేతికొచ్చిన ఆ కోట చుట్టూ పోటు నీరు ఎక్కే చిత్తడి. శత్రువు దాటలేడని ధీమా. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషువాళ్ల కల్నల్ ఫోర్డ్ పాటు కోసం కాచుకున్నాడు. అర్ధరాత్రి కందకంలో నీళ్లు దిగిపోయిన వేళ సైన్యాన్ని దించాడు. ఒక దళం ఎవరూ రాలేరనుకున్న రొంపిలోంచే వెళ్లి కలవరం లేపింది. తెల్లారేసరికి కోట పోయింది, దాంతోపాటు ఉత్తర సర్కారుల మీద ఫ్రెంచివాళ్ల పట్టూ పోయింది. చంద్రుడి లెక్క తెలిసినవాడు గెలిచాడు.

అప్పటికే రేవు మెరక వేస్తోంది. పెద్ద ఓడలు తీరానికి మైళ్ల దూరంలో లంగరు వేసి, సరుకును చిన్న పడవల్లోకి దించాల్సి వచ్చేది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫాను మిగిలిందంతా తుడిచిపెట్టింది. ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. ఆ తర్వాత బందరు ఓడల ఊరు కాకుండా మాటల ఊరైంది. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు ఇక్కడే మొదలయ్యాయి. జెండా రూపకర్త పింగళి వెంకయ్యది పక్కనున్న భట్లపెనుమర్రు. ఆ చరిత్రంతా పుస్తకాల్లో ఉంది, ఇక్కడ వదిలేద్దాం. బందరు లడ్డూని మాత్రం వదలడం కుదరదు. శనగపిండితో చేసిన జంతికల్లాంటివాటిని వేయించి, రోట్లో దంచి, జల్లెడ పట్టి, బెల్లం పాకంతో మళ్లీ దంచితేగానీ తొక్కుడు లడ్డు కాదు. దీన్ని తెచ్చింది బుందేల్‌ఖండ్ నుంచి వలస వచ్చిన బొందిలీలని చెబుతారు. రాయిలేని ఊరికి రోలు తెచ్చుకుని మరీ తిండిని దంచిన ఘనత వాళ్లది.

బందరు నుంచి మంగినపూడి బీచికి 11 కిలోమీటర్లు. మొదటిసారి వెళ్లినవాళ్లు కాస్త కంగారు పడతారు. ఇసుక బంగారు రంగులో లేదు, కాళ్ల కింద నల్లటి మెత్తటి మట్టి. నీళ్లలోకి చాలా దూరం నడిచినా మోకాళ్లు దాటవు. కార్తీక పౌర్ణమికి వేలమంది ఇక్కడ సముద్ర స్నానాలు చేసి, చిలకలపూడిలో పాండురంగడి గుడికి వెళతారు. ఆ నల్లమట్టి మహారాష్ట్ర కొండల నుంచి వచ్చిందని తెలిశాక కాళ్లు కడుక్కోవడానికి తొందరపడాలనిపించదు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయల మధ్య, సముద్రం దాకా ఉన్నదే దివిసీమ. పదమూడో శతాబ్దంలో ఈ దీవి అయ్య వంశం వాళ్లది. కాకతి గణపతిదేవుడు దీవిని జయించి, ఆ ఇంటి ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెళ్లాడాడు. వాళ్ల తమ్ముడు జాయపను ఓరుగల్లు తీసుకెళ్లి గజసేనకు అధిపతిని చేశాడు. ఏనుగుల లెక్క చూసుకోవాల్సిన ఆ సేనాని నాట్యం మీద 'నృత్తరత్నావళి' రాశాడు. కూచిపూడి, మువ్వ ఇక్కడికి కూతవేటు దూరంలో ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు. నాకు మాత్రం అలా అనుకోబుద్ధి కాదు.

అవనిగడ్డ, నాగాయలంక దాటాక రోడ్డు సన్నబడుతుంది, రొయ్యల చెరువులు పెరుగుతాయి, తర్వాత ఏటిమొగ దగ్గర రోడ్డే ఆగిపోతుంది. అవతల ఎదురుమొండి. మనుషులూ మోటారు సైకిళ్లూ గడ్డిమోపులూ అన్నీ పంటు మీదే దాటాలి. "పోటు మీద రండి బాబూ, పాటులో వస్తే బురదలో దింపేస్తాం" అంటాడు పడవ నడిపే అతను, సగం వేళాకోళంగా. ఇక్కడ గడియారం కంటే చంద్రుడికే విలువెక్కువ. పౌర్ణమికీ అమావాస్యకీ నీరు మీటరు పైచిలుకు ఎక్కి దిగుతుంది. అష్టమి నాడు అంత ఉండదు.

ఆ ఎక్కి దిగే నీటిలో బతకడం నేర్చుకున్నవి మడ చెట్లు. ఉప్పునీరు, ఊపిరాడని బురద, నిలకడలేని నేల. ఏ చెట్టయినా వారంలో చచ్చే చోట ఇవి అడవి కట్టాయి. మడ చెట్టు కింద బురదలోంచి వేలకొద్దీ ముళ్లు పైకి లేచి ఉంటాయి, అవి వేళ్లు. బురదలో గాలి ఉండదు గనక, పాటు వేళ బయటపడి గాలి పీల్చుకుంటాయి. తాగిన ఉప్పును ఆకుల మీదికి తోసేస్తాయి. ఎండవేళ ఆకు వెనక నాలుకతో తాకితే చెప్పక్కర్లేదు. కొన్ని జాతుల్లో గింజ చెట్టు మీదే మొలకెత్తి, జానెడు పొడవు కాడ వేసుకుని, సిద్ధమైన మొక్కగానే బురదలోకి జారుతుంది. కడుపులో బిడ్డను మోసినట్టు మొక్కను మోసే చెట్టు ఇది. పక్కనే తిల్ల చెట్టు ఉంటుంది, దాని జోలికి పోవద్దు. పాలు కళ్లలో పడితే చూపు దెబ్బతింటుంది, పల్లెల్లో పిల్లలకి మొదట నేర్పేది అదే.

ఈ అడవికి కృష్ణా అభయారణ్యమని పేరు, దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. ఇక్కడి దొర బావురు పిల్లి. ఇంటి పిల్లికి రెండింతలుంటుంది, ఒళ్లంతా చుక్కలు, పొట్టి తోక. పిల్లి జాతికి నీళ్లంటే గిట్టదన్న మాట దీనికి వర్తించదు. వేళ్ల మధ్య కొంత చర్మంతో, రాత్రివేళ పాయ ఒడ్డున కూర్చుని చేపను పంజాతో లాగుతుంది, అవసరమైతే దూకి ఈదుతుంది. మనకి కనిపించే అవకాశం తక్కువ, బురదలో అడుగుజాడలు కనిపిస్తే అదే అదృష్టం. పగలు కనిపించేవి వేరే ఉన్నాయి. ఒంటి డెక్క పెద్దదిగా ఉన్న ఎర్రపీతలు వేలు వేలుగా కన్నాల ముందు నిలబడి డెక్క ఊపుతుంటాయి. నీటి బయట, బురద మీద, రెక్కల మీద గెంతుతూ తిరిగే బొటనవేలంత చేపలుంటాయి. మడ వేళ్ల మధ్య పండుగప్ప పిల్లలు, మండపీతలు, రొయ్యపిల్లలు పెరుగుతాయి. సముద్రం మీద జాలరి పట్టే చేపకు చాలావరకు బాల్యం ఇక్కడే గడిచింది.

1977 నవంబరు 19 పేరెత్తకుండా దివిసీమ గురించి మాట్లాడడం కుదరదు. అయిదు మీటర్ల ఎత్తు ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్కలోనే 10 వేలకు పైగా చనిపోయారు. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి పల్లెల్లో ఇంటికో కథ కాదు, చెప్పడానికి మనిషి మిగిలిన ఇల్లే తక్కువ. తాటిచెట్టు మట్టలు పట్టుకుని తెల్లవార్లూ వేలాడినవాళ్లు బతికారు. ఆ తర్వాత తుఫాను షెల్టర్లు వచ్చాయి, తీరమంతా సరుగుడు తోటలు వేశారు. మడ అడవి విలువ కూడా అప్పుడే నలుగురి నోటా వినిపించింది. ఆ వేళ్ల వల అల వేగాన్ని తగ్గిస్తుంది, కొట్టుకుపోయే మట్టిని పట్టి నిలుపుతుంది.

అయితే పట్టి నిలపడానికి మట్టి రావాలి కదా. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టా మాగాణి అయింది. 1967లో నాగార్జునసాగర్, తర్వాత శ్రీశైలం, ఎగువన ఆల్మట్టి. నీళ్లు ఎంతో కొంత వస్తున్నాయి, ఒండ్రు మాత్రం జలాశయాల అడుగునే ఉండిపోతోంది. 1960ల చివర కృష్ణ ఏడాదికి సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు దించేది, 2000-2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. 1965 నుంచి 2008 దాకా కృష్ణా గోదావరి డెల్టాల తీరం మొత్తం మీద, పెరిగింది పోగా, 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది. ఆరు వేల ఏళ్లు ముందుకు నడిచిన తీరం మన కళ్ల ముందు వెనక్కి తిరిగింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోయినప్పుడు లంకలు మునిగి రైతులు కుదేలయ్యారు. అంత వరద కూడా తీరం ఆకలి తీర్చేంత మట్టిని తేలేదు. డెల్టా రైతు బతుక్కి సాగర్ నీళ్లు కావాలి, డెల్టాకే బతుకు కావాలంటే ఒండ్రు కావాలి. ఈ ముడి విప్పే ఇంజినీరు ఇంకా పుట్టలేదు. ఈలోగా బందరు పక్కన తపసిపూడిలో 2023లో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. మళ్లీ అక్కడ బురద తవ్వడమే పెద్ద పని.

తూర్పు పాయ సముద్రంలో కలిసేది హంసలదీవిలో. గంగ పాపాల బరువుతో కాకిగా మారి, తీర్థాలన్నీ తిరిగి, ఇక్కడ మునగగానే హంసగా తేలిందని స్థలపురాణం. వేణుగోపాలస్వామి గుడి నుంచి పాలకాయతిప్ప బీచికి, అక్కణ్నుంచి ఇసుక మీద నడిచి సాగర సంగమానికి వెళతారు. నది నీరు మట్టి రంగులో, సముద్రం పచ్చగా, మధ్యన గీత గీసినట్టు నురగ ఉంటుంది. ఆ ఇసుక మొన ఏటా ఆకారం మార్చుకుంటుంది, నిరుడు దారి ఉన్నచోట ఈ ఏడు పాయ ఉండొచ్చు.

చలికాలం చివర్లో ఈ ఇసుక మీదికే ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గొయ్యి తీసి నూరు దాకా గుడ్లు పెట్టి, పూడ్చి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. యాభై రోజుల తర్వాత బయటికొచ్చే పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది, వేడెక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ. అటవీ శాఖ వాళ్లు గుడ్లను ఏరి, నక్కలూ కుక్కలూ చేరకుండా కంచె వేసిన చోట పాతిపెట్టి, పొదిగాక పిల్లల్ని సముద్రంలో వదులుతారు. చూడాలనుకునేవాళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాగాయలంకలో అటవీ శాఖ వాళ్లనడిగి వెళ్లాలి. పిల్లలు వెలుగున్న వైపే నడుస్తాయి గనక ఒడ్డున టార్చి వెయ్యకూడదు, ఫోను కూడా జేబులోనే ఉంచాలి. పాయలు దాటాల్సిన దారి అయితే పోటు వేళ ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది.